వెనక తాడు

ఆ వేసవిలో ఇంటిల్లిపాదీ లాంచీ ఎక్కి కాలవల వెంట తిరగాలన్న ఆలోచన అమ్మది. నాన్నకీ అన్నయ్యకీ అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ, "ఉప్పు ఇటు జరపమని మీ అన్నయ్యతో చెప్పు," అని నాన్న నాతో అనేవాడు. ఉప్పు సీసా అన్నయ్య మోచేతి పక్కనే ఉండేది. ఇద్దరి మాటలూ మోసీ మోసీ నా సొంత మాటలు చెప్పుకునే తీరికే ఉండేది కాదు నాకు.

గొడవంతా లారీ గురించి. నాన్న ట్రాన్స్‌పోర్టు షెడ్డులో లోడు కట్టే మేస్త్రి. లారీ మీద సరుకు పేర్చాక పైన పట్టా కప్పి, మోకులు లాగి బిగించి, ఎంత దూరం పోయినా ఊడకుండా ముడి వేయడం ఆయన పని. షెడ్డులో అందరికీ ఆయన మోకు మేస్త్రి. చివరికి ఎలాగో సొంతంగా ఒక లారీ కొని అన్నయ్య చేతికిచ్చాడు. అన్నయ్య దాన్ని అమ్మేసి ఒక పాత మోటారు లాంచీ తెచ్చుకున్నాడు. వేసవి సెలవులకి వచ్చే జనాన్ని ఎక్కించుకుని, పైన సరస్సు దగ్గర బయల్దేరి కింది ఊరి రేవు దాకా కాలవల్లో తిప్పుతాడట. "నీళ్ళ మీద ఏం కడతాడు, వీడి మొహం," అన్నాడు నాన్న. ఆ తర్వాత ఇక ఏమీ అనలేదు.

నాన్న వేసే ముడికి పేరంటూ లేదు. రెండు మెలికలు, లోపల ఒక ఉచ్చు, కొస తీసుకెళ్ళి వెనక్కి దోపడం. బరువు పడేకొద్దీ బిగుసుకుంటుంది. బరువు దించేసి కొస పట్టి లాగితే ఇట్టే వచ్చేస్తుంది. కాకపోతే ఆ కొస ఎక్కడుందో ఆయనకి తప్ప ఎవరికీ దొరకదు. పెరట్లో బట్టలారేసే తాడు, నీళ్ళ డ్రమ్ము మూత, నేను పట్టాలు కుట్టే మిషను మీది గొడుగు దీపం, ఇంట్లో ఏది చూసినా ఆ ముడి మీదే నిలబడి ఉండేది. తాడు కోయడమంటే మా ఇంట్లో నేరం కిందే లెక్క. పార్సిలు మీది పురికొసని కూడా ఓపిగ్గా విప్పి చుట్టిపెట్టాలి. చిన్నప్పుడు కత్తెర తీసినందుకు నేను తిన్న చీవాట్లు ఇన్నీ అన్నీ కావు.

అన్నయ్యకి కూడా ఆ ముడి నేర్పబోయాడు. అన్నయ్య అప్పటికి పసివాడు. కట్టిందల్లా ఊడిపోతూంటే నాన్నకి విసుగొచ్చి, "నీ చేతికి ముడి రాదు, పో," అన్నాడు. మళ్ళీ నేర్పలేదు. అన్నయ్యా అడగలేదు. ఇద్దరిదీ ఒకే మొండితనం, పోలిక ఎక్కడికి పోతుంది!

సీజను మొదలయ్యే ముందు వదిన వంటింట్లో నా చెవిన వేసింది. "ఈ సీజను కాస్త నడిస్తే మేం కింది ఊళ్ళో ఇల్లు తీసుకుంటాం. ఈ మౌనవ్రతాలు ఇక నా వల్ల కాదు."

నేను అమ్మకి చెప్పాను.

"మారితే మారనీ," అంది అమ్మ. "కానీ ఇలా మాటల్లేకుండా పోతే వాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. ఈయన పిలవరు. పోయే ముందు ఇద్దరూ నోరు తెరిచి మాట్లాడుకుంటే చాలు నాకు."

ఆ పూటే భోజనాల దగ్గర ప్రకటించేసింది. లాంచీ మొదటి ప్రయాణం బయటివాళ్ళతో కాదు, మనతోనే. అందరం వెళ్తున్నాం.

"నేను రాను," అన్నాడు నాన్న.

"సరే. ఉండండి. వంట మీరే చేసుకోండి."

నాన్నకి టీ కాచుకోవడం కూడా రాదు. వచ్చాడు.

లాంచీ మరీ గొప్పదేం కాదు. ముందు వైపు చిన్న డెక్కు, మధ్యలో రెండు గదులు, వాటి పక్కన బయట ఒక మనిషి నిలబడేంత సన్నటి వార, వంటకి ఓ మూల, వెనక ఇంజనూ చుక్కానీ. పైన గుంజల మీద నేను కుట్టిన నీలం పట్టా. బయల్దేరే రోజు పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. మోకాళ్ళ వాపుతో అమ్మ నడవలేకపోతే అన్నయ్య దాదాపు ఎత్తుకుని ఎక్కించాడు. నాన్న అందరికంటే చివర వచ్చాడు, భుజాన మోకు చుట్ట వేసుకుని.

"అదెందుకు మామయ్యా? బోటులో తాళ్ళున్నాయి కదా," అంది వదిన.

"చూశాలే. అవి జడకి కట్టుకోడానికి పనికొస్తాయి."

అన్నయ్య విననట్టే ఇంజను స్టార్టు చేశాడు.

ఆ కాలవ మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక లాకు ఉంటుంది, అంటే ముందూ వెనకా పెద్ద తలుపులున్న రాతి తొట్టి. బోటు లోపలికి వెళ్ళగానే వెనక తలుపులు మూసి, తూములెత్తి నీళ్ళు వదిలేస్తారు. తొట్టిలో నీళ్ళతో పాటు బోటూ కిందికి దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. దిగేంతసేపూ బోటు గోడకేసి కొట్టుకోకుండా ముందొకరు, వెనకొకరు తాడు పట్టుకోవాలి. ఆ తాడు బోటు నుంచి పోయి, గట్టు మీది ఇనుప గుంజ చుట్టూ తిరిగి వచ్చి మన చేతిలో ఉంటుంది.

మొదటి లాకులో అన్నయ్య మా అందరికీ కలిపి చెప్పాడు, నాన్న వైపు చూడకుండా. "తాడు ఊరికే పట్టుకోవాలి, అంతే. బోటు దిగుతూంటే కొంచెం కొంచెం వదులుతూ ఉండాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకూడదు."

"తాడన్నాక కట్టాలి గానీ పట్టుకుని ఊగడమేంటి," అన్నాడు నాన్న, తనూ ఎవరి వైపూ చూడకుండా.

ముందు వదిన, వెనక అన్నయ్య పట్టుకున్నారు. బోటు నిదానంగా దిగింది. నాన్న డెక్కు మీద కూర్చుని, ఎవరో తన లోడుని అడ్డదిడ్డంగా కడుతూంటే చూడాల్సి వచ్చిన మనిషిలాగా మొహం పెట్టాడు.

కానీ నీళ్ళ మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. ఇంట్లో అయితే పక్క గదిలోకి పోయి తలుపేసుకోవచ్చు. లాంచీలో ఎక్కడికి పోతారు? ఇరుకు దారిలో ఎదురుపడితే ఒకరు పక్కకి ఒత్తిగిల్లాలి. రెండో రోజుకి నాన్న పట్టా కొసలు సరిచేయడం మొదలుపెట్టాడు. నేను కుట్టిన రంధ్రాలు వేలితో తడిమి చూసి బాగున్నాయనడం నాకే వింతగా తోచింది. ఒక సాయంత్రం అన్నయ్య ఇంజను విప్పి కూర్చుంటే నాన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు. అన్నయ్య చెయ్యి చాచకముందే పానా అందించాడు. మాట లేదు, కానీ అందించాడు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"చూశావా?"

"పానా ఇచ్చాడమ్మా. ఆస్తి రాసివ్వలేదు."

"నీకేం తెలుసే, నోర్మూసుకో," అని నవ్వింది. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తింది కూడా. మోకాళ్ళ నొప్పి మాటే ఎత్తలేదు.

మర్నాడు పెద్ద లాకు దగ్గరికొచ్చాం. అన్నిటికంటే లోతైనది అదే. లోపలికి వెళ్ళాక ముందు తలుపుల మీంచి చూస్తే కింది కాలవ ఎక్కడో లోతున కనబడింది, పక్కన గట్టు మీద టోపీ పెట్టుకుని లాకు మనిషి నిలబడి ఉన్నాడు. అతను రెండు తాళ్ళూ గుంజలకి తిప్పి కొసలు మాకందించి, తూముల దగ్గరికి వెళ్ళిపోయాడు. వెనక వైపు తాడు పాతబడి పీచులేస్తోందని నాన్న పొద్దున్నే దాన్ని తీసి తన మోకు పెట్టాడు. అన్నయ్య చూసి ఊరుకున్నాడు. అది కూడా మంచి సూచనే అనుకున్నాం మేము.

నీళ్ళు అప్పుడే దిగడం మొదలైంది. ఇంజనులో నాచు ఇరుక్కుని పొగ కక్కసాగింది. అన్నయ్య ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో ఇంజను మూత తీయలేక తీయలేక తల తిప్పి కేకేశాడు.

"నాన్నా! ఈ వెనక తాడు కాస్త చూడు!"

నేను లోపల అమ్మకి టీ పోస్తున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వాడు పిలిచాడే. విన్నావా? నాన్నా అని పిలిచాడు."

నాన్న ఎంత హుషారుగా లేచాడో నాకు కిటికీలోంచి కనబడింది. ఆ తర్వాత నేను పొయ్యి వైపు తిరిగాను. అమ్మ కర్ర పట్టుకుని లేచింది. ఇద్దర్నీ ఒకచోట చూడాలని, నేను వద్దనేలోపే గడప దాటి పక్క వార మీదికి వెళ్ళి నిలబడింది. పట్టా గుంజ పట్టుకుని వెనక్కి చూస్తూ నవ్వుతోంది.

మొదట టీ కప్పు జరిగింది. బల్ల మీద దానంతటది జరిగి, అంచు దాటి కింద పడింది. నేల ఎందుకు వాలుతోందో నాకు అర్థం కాలేదు. ముందు నుంచి వదిన అరిచింది. పరిగెత్తి వెళ్ళి చూద్దును కదా, బోటు ముందు భాగం నీళ్ళతో పాటు దిగుతోంది, వెనక భాగం దిగడం లేదు. మోకు కర్రలా బిగుసుకుని ఉంది. దాని కొస బోటు వెనక ఇనుప గుంజకి కట్టేసి ఉంది. ఆ ముడి ఎవరిదో నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

నాన్న వంగి కొస లాగుతున్నాడు. బోటు బరువంతా ఆ ముడి మీదే ఉంది. వేళ్ళు లోపలికి దూరడం లేదు. వదిన పైకి చూసి కేకలేస్తే లాకు మనిషి తూములు దించడానికి పరిగెత్తాడు. కానీ నీళ్ళు ఒక్కసారిగా ఆగవు. వదిన కూరలు తరిగే కత్తి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది.

"కొయ్యకు!" అంటూ నాన్న మోకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. జన్మంతా అన్న మాటే, నోటికి అలవాటైన మాటే వచ్చింది. అన్నయ్య ఆ చేతిని పక్కకి నెట్టి కోసేశాడు.

లాంచీ వెనక భాగం ధడాలున నీళ్ళ మీద పడింది. ఒకసారి గోడ వైపుకి, ఒకసారి ఇటు వైపుకి ఒరిగింది. నేను తలుపు పట్టుకుని వేలాడాను. అంతా సర్దుకున్నాక చూస్తే పక్క వార మీద అమ్మ కర్ర మాత్రం ఉంది.

అన్నయ్య దూకాడు. లాకు మనిషీ దూకాడు. పైకి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. దాని గురించి నేను ఇంతకంటే చెప్పలేను.

మధ్యాహ్నం లాకు ఆఫీసు వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఒక ఆఫీసరు వచ్చాడు. పెద్ద గొంతు చేయలేదు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు.

"వెనక తాడు కట్టింది ఎవరు?"

నాన్న తల ఎత్తాడు. నోరు తెరిచాడు.

"నేనే," అన్నాడు అన్నయ్య.

నాన్న నోరు అలాగే ఉండి, మెల్లిగా మూసుకుంది.

లాంచీని స్వాధీనం చేసుకుని కింద గట్టున కట్టేశారు. విచారణ అయ్యేదాకా అన్నయ్య నీళ్ళ మీదికి వెళ్ళకూడదు. తప్పు రుజువైతే ఇక ఎప్పటికీ వెళ్ళకూడదు, జైలు కూడా పడొచ్చు. ఆ సీజనంతా అన్నయ్య నాన్న పనిచేసిన షెడ్డులోనే, ఇంకొకరి లారీలకి మూటలు ఎత్తాడు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

వదిన మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు గిన్నెలు తోముతూ అంది. "మా బోటు తాడే ఉంటే అది ఎప్పుడో తెగిపోయేది. చిన్న కుదుపుతో పోయేది. ఆయన మోకు కాబట్టి నిలబడింది. ఇంత జరిగినా ఆయన నోరు విప్పడు, ఈయన విప్పనివ్వడు."

అన్నయ్య గుమ్మంలో ఉన్నాడు. "కోసింది నేను," అన్నాడు. "కోసినందుకే పడింది. ఇక ఎవరు కడితే ఏంటి? అమ్మ ఎలాగూ పోయింది. ఇప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్ళి బోనులో నిలబెట్టమంటావా?"

వదిన గిన్నె విసిరికొట్టింది. నాకు అందరి మీదా కోపం వచ్చింది. నాన్న మీద మరీ వచ్చింది. కొడుకు తన నేరం నెత్తినేసుకుంటే చూస్తూ కూర్చున్న మనిషికి టీ ఎందుకివ్వాలనిపించేది. ఇస్తూనే ఉన్నాను.

ఆయన ఆ రోజుల్లో చేసిన పని ఒక్కటే. ఇంట్లో ముడులు విప్పడం. నేను మిషను దగ్గర కూర్చుని ఉండగా దీపం ఒక పక్కకి వేలాడింది. చూస్తే తాడు విప్పి చుట్టలు చుడుతున్నాడు. మర్నాడు డ్రమ్ము మూత గాలికి దొర్లింది. ఒక పొద్దున పెరట్లోకి వెళ్ళేసరికి బట్టల తాడు కింద పడి ఉంది, ఉతికిన బట్టలన్నీ మట్టిలో ఉన్నాయి. వాటిల్లో అమ్మ దుప్పటి కూడా ఉంది.

"ఏంటి నాన్నా ఇది? పిచ్చా నీకు?" అని అరిచాను.

"ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. "వెతికిపెట్టమ్మా. నాకు సరిగ్గా కనబడ్డం లేదు."

ఆ మాటకి నా కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మట్టిలోనే కూర్చుని ఏడ్చాను. ఆయన దుప్పటి తీసి దులిపి, ఎక్కడ ఆరేయాలో తెలియక భుజాన వేసుకుని నిలబడ్డాడు.

ఎండలు తగ్గుముఖం పట్టాక విచారణకి పిలిచారు. అదే వరండా, అదే ఆఫీసరు. అన్నయ్య మళ్ళీ అదే చెప్పాడు. కట్టింది నేనే, కోసింది నేనే. ఆఫీసరు రాసుకోబోతూంటే నాన్న లేచాడు.

"వాడికి ముడి రాదండి."

ఆఫీసరు ఆగాడు. "పెద్దాయనా, కొడుకు కోసం ఏ తండ్రైనా ఇలాగే అంటాడు."

"అది నేను కట్టిన ముడి. ఇంకా బోటు మీదే ఉంది. వాణ్ణి విప్పమనండి చూద్దాం."

"నాన్నా, వద్దు," అన్నాడు అన్నయ్య.

అందరం గట్టు దిగి వెళ్ళాం. లాంచీ ఎండకి వెలిసిపోయి ఉంది. నా నీలం పట్టా చిరిగి వేలాడుతోంది. వెనక ఇనుప గుంజకి మోకు ముక్క, దాని మీద ఆ ముడి, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉన్నాయి. అన్నయ్య మోకరించి చాలాసేపు తిప్పలు పడ్డాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, గోళ్ళతో పీకాడు. ఊరికే నటిస్తున్నాడేమోనని ఆఫీసరు దగ్గరికెళ్ళి చూశాడు. అన్నయ్య నటించడం లేదు. నిజంగానే విప్పాలని చూశాడు, విప్పితే నాన్న మీదికి కేసు రాదని. చేతకాలేదు.

అప్పుడు నాన్న బోటు ఎక్కాడు. ఆ రోజు తర్వాత ఎక్కడం అదే మొదటిసారి. ముందు ముడి మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి కొస పట్టుకుని లాగాడు. మెలికలన్నీ వదులై మోకు గుంజ మీంచి జారి ఆయన పాదాల దగ్గర పడింది.

"ఆ రోజు రాలేదు," అన్నాడు. ఆఫీసరుతో కాదు, అన్నయ్యతో. "ఎంత లాగినా రాలేదురా. నువ్వు పిలిచావు కదా అని... ఊడకూడదని గట్టిగా కట్టాను."

అన్నయ్య ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. నాన్న కాళ్ళ దగ్గర తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వదిన అటు తిరిగిపోయింది. నాన్న ఏడవలేదు. అన్నయ్య జుట్టులో చెయ్యి ఉంచి నిలబడ్డాడు.

కేసు నాన్న మీద రాశారు. పిలిచినప్పుడు రావాలన్నారు. వస్తానన్నాడు. లాంచీని అన్నయ్యకి వదిలేశారు, కింది రేవుకి తీసుకుపొమ్మన్నారు. దారిలో ఇంకొక్క లాకే మిగిలింది, చిన్నది. నలుగురం ఎక్కాం. అమ్మ కూర్చున్న చోట ఎవరూ కూర్చోలేదు.

లాకులోకి వెళ్ళాక వదిన ముందుకి వెళ్ళింది. అన్నయ్య వెనక తాడు తీశాడు, ఆ పాత తాడే, పీచులేసినది. దాన్ని నాన్న చేతిలో పెట్టాడు.

"కట్టకు నాన్నా."

"కట్టను."

నీళ్ళు దిగడం మొదలైంది. నాన్నకి తాడు పట్టుకోవడం రాదు. మరీ బిగబట్టాడు. బోటు కాస్త ఒరిగింది. అన్నయ్య వెనక నుంచి వచ్చి నాన్న చేతుల మీద చేతులు వేశాడు.

"కొంచెం వదులు," అన్నాడు. "ఇంకొంచెం. అంతే. ఇంకొంచెం."

నాన్న వదులుతున్నాడు. దిగేంతసేపూ ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, చాలా? ఇంకానా? చాలు, ఉండు, అంటూ. నేను పక్క వార మీద, పట్టా గుంజ పట్టుకుని నిలబడి విన్నాను. అమ్మ ఆ రోజు అక్కడే నిలబడింది.